పాటల డబ్బా పాడైంది, దాని బదులు ఏది? ఎంపీ3 ప్లేయర్ల గందరగోళం విడమరిస్తే

మా నాన్న పొద్దున వాకింగ్‌కి వెళ్లేటప్పుడు చొక్కా జేబుకి తగిలించుకునే చిన్న ప్లేయర్ ఒకటుండేది. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది. తొమ్మిదేళ్లు పనిచేసి మొన్నామధ్య ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. "ఒరేయ్, ఇలాంటిదే ఇంకోటి తెచ్చిపెట్టరా" అన్నారు. ఎంత పని అనుకుని బయల్దేరాను. మొదటి షాపులో కుర్రాడు నవ్వి "అవి ఇప్పుడు రావట్లేదు సార్, ఫోన్లో వినమనండి" అన్నాడు. ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో చూస్తే వెయ్యి రూపాయల లోపు ఊరూపేరూ లేని డబ్బాల దగ్గర్నుంచి లక్ష దాటిన వాటి దాకా ఉన్నాయి. అన్నిటి పనీ ఒకటే, పాట వినిపించడం. మరి ఇంత తేడా ఎందుకు? ఆ తేడాలో మనకు పనికొచ్చేది ఎంత, పనికిరానిది ఎంత?

పాత ప్లేయర్ పోయిన చాలామందికి ఎదురయ్యే ప్రశ్నే ఇది. దీనికి జవాబు పెట్టె దగ్గర కాక, అందులోకి ఎక్కించే పాటల దగ్గర మొదలవుతుందని నాకు కాస్త ఆలస్యంగా అర్థమైంది.

ఈ వస్తువు షాపుల్లోంచి ఎందుకు మాయమైంది

1998లో కొరియా నుంచి ఎంపీమ్యాన్ అనే ప్లేయర్ వచ్చింది, దాని మెమరీ 32 ఎంబీ. మన సినిమా పాటలు గట్టిగా ఆరు పట్టేవి. 2001 అక్టోబరులో యాపిల్ 5 జీబీ హార్డ్ డిస్క్‌తో ఐపాడ్ తెచ్చి, వెయ్యి పాటలు జేబులో పెట్టుకోవచ్చంది. అక్కణ్నుంచి పదేళ్లు ఈ వస్తువుకి మంచి రోజులు. మన దగ్గర ఐపాడ్ కొన్నవాళ్లు తక్కువే గానీ ఎంపీ3 మాత్రం ఇంటింటికీ వచ్చింది. 700 ఎంబీ సీడీలో దాదాపు 140 పాటలు కుక్కి బస్టాండుల్లో, కోఠిలో అమ్మేవాళ్లు. తర్వాత మొబైల్ షాపులో మెమరీ కార్డు ఇస్తే పాటలు ఎక్కించి ఇచ్చేవాళ్లు.

ఆ తర్వాత ఫోన్ వచ్చి కెమెరాని, టార్చ్‌లైట్‌ని మింగినట్టే దీన్నీ మింగేసింది. యాపిల్ 2014లో ఐపాడ్ క్లాసిక్‌ని, 2017లో నానో, షఫుల్‌లని, 2022 మేలో చివరిదైన ఐపాడ్ టచ్‌ని ఆపేసింది. అందరికీ నచ్చే మధ్యరకం ప్లేయర్లు చేసే పెద్ద కంపెనీలు ఒక్కొక్కటే తప్పుకోవడంతో బజారు రెండు చివరలకి చీలిపోయింది. ఒక చివర చవక డబ్బాలు, రెండో చివర ఆడియో పిచ్చి ఉన్నవాళ్ల కోసం చేసే ఖరీదైన యంత్రాలు. నాన్న వాడిన లాంటి మధ్యరకం సరుకే ఇప్పుడు కరువు.

ఇప్పుడు దొరికేవి ఏ రకాలు

మొదటి రకం బటన్లతో పనిచేసే సాదా ప్లేయర్లు. చిన్న తెర, మెమరీ కార్డు పెట్టే చోటు, కొన్నిట్లో ఎఫ్ఎం. శాన్‌డిస్క్ క్లిప్ వరస ఈ జాతిలో పేరున్నది, మిగతావి చాలావరకు ఒకే లోపలి సరుకుకి వేర్వేరు స్టిక్కర్లు.

రెండోది పాటల కోసమే రాసిన సొంత సాఫ్ట్‌వేర్‌తో నడిచే ప్లేయర్లు. ఫియో, హైబీ, షాన్‌లింగ్ లాంటి చైనా కంపెనీలు వీటిని చేస్తాయి. టచ్ తెర ఉంటుంది గానీ యాప్‌లు వేసుకోవడానికి ఉండదు.

మూడోది ఆండ్రాయిడ్ ప్లేయర్లు. సిమ్ లేని ఫోన్ అనుకోవచ్చు. సోనీ వాక్‌మన్ పేరుతో 2023లో వచ్చిన ఎన్‌డబ్ల్యూ-ఏ306 ఇలాంటిదే, పై కంపెనీలూ ఈ రకం చేస్తాయి. వైఫై ఉంటుంది, స్ట్రీమింగ్ యాప్‌లు నడుస్తాయి. ఇంకా పైకి వెళ్తే కొరియావాళ్ల ఆస్టెల్ అండ్ కెర్న్ లాంటివి, లక్షల్లో ఉంటాయి, వాటి సంగతి ఇక్కడ వద్దు.

ఇవి కాక ఇంట్లో మూలపడ్డ పాత ఫోన్, ఎవరో అమ్మేసిన పాత ఐపాడ్ ఉండనే ఉన్నాయి. వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

పాటలు మీ సొంతమా, అద్దెవా?

స్ట్రీమింగ్ యాప్‌లో నెలనెలా డబ్బు కట్టి "డౌన్‌లోడ్" నొక్కితే పాట మన ఫోన్లోకి వచ్చేసిందనుకుంటాం. వచ్చేది తాళం వేసిన ఫైలు. ఆ తాళం తీయగలిగేది ఆ యాప్ ఒక్కటే. కార్డులోకి కాపీ చేసి బటన్ల ప్లేయర్లో పెడితే అది చదవలేదు. స్పాటిఫైలో డౌన్‌లోడ్ చేసిన పాటలు నిలవాలంటే 30 రోజులకు ఒక్కసారైనా నెట్‌కి కలపాలి. అంటే అది అద్దె ఇల్లు, అద్దె కడుతున్నన్నాళ్లూ ఉండొచ్చు.

అద్దె ఇంటికి ఇంకో గుణం కూడా ఉంది, ఖాళీ చేయించేది ఓనరే. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020 చివర్లో మూతపడింది. ఎయిర్‌టెల్ వాళ్ల వింక్ 2024లో మూతపడింది. యాప్ బాగానే ఉన్నా పాటలు మాయమయ్యే సందర్భాలూ ఉన్నాయి. 2023 మార్చిలో జీ మ్యూజిక్‌కి, స్పాటిఫైకి ఒప్పందం కుదరక ఆ కంపెనీ పాటలన్నీ ఒక్కసారిగా యాప్‌లోంచి పోయాయి, జనం ప్లేలిస్టుల్లో బూడిద రంగు పేర్లు మిగిలాయి.

అద్దె పద్ధతి మంచిది కాదని నేననడం లేదు. నెలకి ఒక సినిమా టికెట్ ఖర్చుతో కోట్ల పాటలు అందుబాటులోకి రావడం చిన్న విషయమా? కొత్త పాట విడుదలైన రోజే వినాలనుకునేవాళ్లకి, ఏది వినాలో ముందు తెలియనివాళ్లకి అదే సుఖం. కానీ అలా వినేవాళ్లు బటన్ల ప్లేయర్ కొంటే అది ఖాళీ డబ్బానే. వాళ్లకి పనికొచ్చేవి ఆండ్రాయిడ్ ప్లేయర్, లేదా ఫోన్. అదే ఇరవై ఏళ్లుగా సీడీల నుంచి, కార్డుల నుంచి పోగేసిన పాటలు హార్డ్ డిస్కులో ఉన్నవాళ్లకి ఆండ్రాయిడ్ ప్లేయర్లో సగం హంగులు దండగ. షాపులో ప్లేయర్లు చూడటానికి ముందే సగం జాబితా ఇక్కడ తెగిపోతుంది.

ఎంత మెమరీ అంటే, లెక్క ఇదీ

పాట ఫైలు సైజుని నిర్ణయించేది బిట్‌రేటు, అంటే ఒక సెకను పాటకి ఎంత డేటా వాడుతున్నాం అని. అయిదు నిమిషాల పాటంటే 300 సెకన్లు. 128 కేబీపీఎస్ (సెకనుకి 128 కిలోబిట్లు) ఎంపీ3 అయితే 128ని 300తో గుణించి, ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 8తో భాగిస్తే 4,800 కేబీ, అంటే 4.8 ఎంబీ. 320 కేబీపీఎస్ అయితే 12 ఎంబీ. సీడీలో ఉన్నది ఉన్నట్టు తీసుకుంటే 1,411 కేబీపీఎస్ లెక్కన 53 ఎంబీ దాకా అవుతుంది. ఫ్లాక్ అనే పద్ధతి ఆ 53ని ఏమీ పారేయకుండా ఇంచుమించు 30కి మడతపెడుతుంది. చీర నలగకుండా మడిచి పెట్టెలో పెట్టడం లాంటిది ఫ్లాక్, అంచు కత్తిరించి పెట్టెలో పట్టించడం ఎంపీ3. ఎవరూ చూడని చోట కత్తిరించారా, కనిపించే చోటా అన్నదే ఎంపీ3లో బిట్‌రేటు చేసే తేడా.

32 జీబీ కార్డులో 128 రకం పాటలైతే 6,600 పైన, 320 రకమైతే 2,600, ఫ్లాక్ అయితే వెయ్యి చిల్లర. ప్రవచనాలు మాటలే కాబట్టి 64 కేబీపీఎస్ చాలు, గంటకి 29 ఎంబీ. అదే కార్డులో 1,100 గంటల ప్రవచనాలు పడతాయి. రోజుకి గంట విన్నా మూడేళ్లు. ఈ లెక్క చూశాక 512 జీబీ ప్రకటనలు ఎవరికోసమో అనిపిస్తుంది.

ఇక్కడ ఒక మెలిక. 32 జీబీ దాకా కార్డులు ఎస్‌డీహెచ్‌సీ రకం, 64 నుంచి పైవి ఎస్‌డీఎక్స్‌సీ. రెండో రకం కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే, ఫైళ్లని కార్డులో సర్దే అమరికతో వస్తాయి, పాతకాలపు, చవక ప్లేయర్లు చాలావాటికి ఆ అమరిక తెలియదు. కార్డు మంచిదే, ప్లేయరూ మంచిదే, కానీ ఒకరి భాష ఇంకొకరికి రాదు. అందుకే పెట్టె మీద "32 జీబీ వరకు" అని రాసి ఉంటుంది.

పెట్టె మీద రాసిందల్లా నిజమా అంటే అదీ కాదు. నాన్న కోసం నేను మొదట ఆర్డర్ పెట్టింది 128 జీబీ అని రాసున్న చవక ప్లేయర్. కంప్యూటర్లో పెడితే 128 అనే చూపించింది. పాటలు ఎక్కిస్తే పేర్లన్నీ వచ్చాయి. నాలుగొందల పాటలు దాటాక మాత్రం ఏది నొక్కినా నిశ్శబ్దం. లోపలి చిప్ చిన్నదే, పెద్దదని అబద్ధం చెప్పేలా దాన్ని మార్చారు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మెమరీ నిండా డేటా రాసి తిరిగి చదివి ఈ బండారం బయటపెడుతుంది, అది నడిపితే నిజంగా ఉన్నది 4 జీబీ లోపే అని తేలింది. తిరిగి పంపేశాను, డబ్బు వెనక్కి రావడానికి మూడు వారాలు.

హై-రెస్ గొడవ: రెండు పక్షాలూ ఏమంటున్నాయి

ధర పెరిగేకొద్దీ పెట్టె మీద కనిపించే బంగారు రంగు ముద్ర "హై-రెస్". సీడీలో శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతని 16 బిట్లలో రాస్తారు. హై-రెస్‌లో ఇది 96,000 సార్లు, 24 బిట్లు, ఇంకా పైకీ వెళ్తుంది. అంకె పెద్దదైతే శబ్దం మెరుగవ్వాలి కదా అనేది ఒక వాదన. మనిషి చెవికి వినపడేది గరిష్ఠంగా 20,000 హెర్ట్జ్, 44,100 కొలతలతో 22,050 హెర్ట్జ్ దాకా పట్టుకోవచ్చు, ఇక పైన ఏముందని రెండో వాదన.

దీని మీద పరీక్షలు జరిగాయి. 2007లో మేయర్, మోరాన్ అనే ఇద్దరు హై-రెస్ శబ్దాన్నీ, దాన్నే సీడీ స్థాయికి దించిన శబ్దాన్నీ ఏది ఏదో చెప్పకుండా శ్రోతలకి వినిపించారు. 554 సార్లు అడిగితే సరైన జవాబులు సగానికి ఒక పిసరు తక్కువే. 2016లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీకి చెందిన జాషువా రీస్ అలాంటి 18 అధ్యయనాలని కలిపి లెక్కగట్టి, శ్రోతలు 52.3 శాతం సరిగా చెప్పారని, తేడా చిన్నదే అయినా ఉందని, శిక్షణ పొందినవాళ్లలో అది ఇంకొంచెం ఎక్కువని అన్నారు. హై-రెస్ వాళ్లు రెండో దాన్ని చూపిస్తారు, వద్దనేవాళ్లు మొదటి దాన్ని. నాకు మాత్రం రెండూ కలిపి చూస్తే బొమ్మా బొరుసు ఆటకి దగ్గరగానే కనిపిస్తోంది.

మన పాటల విషయంలో ఇంకో సంగతి. 1950ల నాటి ఘంటసాల పాట మోనోలో రికార్డయింది. గ్రామఫోన్ రికార్డు మీదికి వచ్చి, అక్కణ్నుంచి క్యాసెట్‌కి, సీడీకి, చివరికి ఎవరో చేసిన 128 ఎంపీ3కి చేరి మన దగ్గరికొచ్చింది. ఆ ఫైలుని లక్ష రూపాయల యంత్రంలో పెడితే వినిపించేది ఆ ఎంపీ3యే, దానిలోని గరగరతో సహా, కాకపోతే ఆ గరగర చాలా స్పష్టంగా. అంతకన్నా ఇయర్‌ఫోన్స్ మారిస్తే వచ్చే తేడా ఎవరికైనా తెలుస్తుంది. సొంతంగా సీడీల నుంచి ఫ్లాక్‌లోకి తీసుకున్న కచేరీలు ఉన్నవాళ్లకి, పెద్ద హెడ్‌ఫోన్స్ వాడేవాళ్లకి మంచి ప్లేయర్ విలువ ఉంది. అలాంటి హెడ్‌ఫోన్స్‌ని చవక ప్లేయర్ నడపలేదు, వాల్యూమ్ మొత్తం పెట్టినా పీలగా వినిపిస్తుంది.

బ్లూటూత్ పెడితే ఈ గొడవంతా వేరే దారి పడుతుంది. ప్లేయర్‌లో ఫ్లాక్ ఉన్నా గాల్లో వెళ్లేటప్పుడు దాన్ని మళ్లీ కుదించి పంపాలి. అన్ని పరికరాలకీ వచ్చే ఎస్‌బీసీ పద్ధతి మూడొందల చిల్లర కేబీపీఎస్ దగ్గర ఆగుతుంది. సోనీ వాళ్ల ఎల్‌డాక్ 990 దాకా వెళ్తుంది, కానీ అటు ప్లేయర్‌కీ ఇటు ఇయర్‌ఫోన్‌కీ రెండింటికీ అది వచ్చి ఉండాలి, ఒకరికి రాకపోతే ఇద్దరికీ వచ్చిన వేరే పద్ధతికి, చాలాసార్లు ఎస్‌బీసీకే, దిగుతారు. వైర్ లేకుండా వినేవాళ్లు ప్లేయర్ లోపలి ఖరీదైన చిప్‌కి కట్టిన డబ్బు వృథా, ఎందుకంటే డిజిటల్‌ని శబ్దంగా మార్చే పని అప్పుడు చేసేది ఇయర్‌ఫోన్ లోపలి చిప్.

తెలుగు అక్షరాలు, ఇంగ్లిష్ స్పెల్లింగులు, తొమ్మిదొందల పాటల గాయకుడు

విదేశీ రివ్యూల్లో ఎక్కడా కనిపించని చిక్కు ఇది. ఎంపీ3 ఫైలు లోపల పాట పేరు, పాడినవాళ్లు, సినిమా పేరు రాసుకోవడానికి ట్యాగ్ అనే చిన్న చీటీ ఉంటుంది. మొదటి తరం ట్యాగ్‌లో పేరుకి 30 అక్షరాల చోటు, అందులో తెలుగుకి తావే లేదు. తర్వాతి తరాల్లో తెలుగు రాయొచ్చు, కానీ చూపించే ప్లేయర్లో తెలుగు ఫాంట్ ఉండాలి, ఒత్తులూ గుణింతాలూ కలిపి చూపడం దానికి తెలిసుండాలి. చవక ప్లేయర్లో తెలుగు పేరు పెడితే వచ్చేది వరసగా డబ్బాలు, లేదా ప్రశ్నార్థకాలు. ఫాంటు ఉండి కలపడం రాకపోతే "స్త్రీ" అన్నది సకారం ఒకచోట, తకారం ఒకచోట విడివిడిగా పడి ఉంటుంది. ఆండ్రాయిడ్ ప్లేయర్లకి ఈ బాధ లేదు, ఫోన్లో చూపినట్టే చూపుతాయి.

ఇంగ్లిష్‌లో పెట్టుకుంటే ఇంకో బాధ. ఘంటసాలని ఒకరు హెచ్ పెట్టి రాస్తారు, ఒకరు పెట్టకుండా, ఒకరు వెంకటేశ్వరరావు కలిపి. యంత్రానికి వాళ్లు ముగ్గురు మనుషులు. బాలుగారైతే ఆరేడుగురు. ఇక నెట్‌లో ఎక్కడెక్కడో దించిన పాటల్లో గాయకుడి పేరు చోట సైటు పేరే ఉంటుంది. నాన్న కార్డులోని పాటలు తెరిచి చూస్తే అన్నిటికన్నా ఎక్కువ పాటలు, తొమ్మిదొందల చిల్లర, పాడిన మహానుభావుడు ఒక వెబ్‌సైటు.

అందుకే మన పాటలకి "గాయకుడి వారీగా" చూపే ప్లేయర్ కన్నా ఫోల్డర్లని ఉన్నదున్నట్టు చూపే ప్లేయర్ నయం. కొన్ని ప్లేయర్లలో ఆ సదుపాయం అసలు ఉండదు, వివరాల్లో "ఫోల్డర్ బ్రౌజింగ్" అన్న మాట ఉందో లేదో చూస్తే తెలుస్తుంది.

వరస సంగతీ అంతే. మా ఇంట్లో సుప్రభాతం నాలుగు ఫైళ్లుగా ఉంది: సుప్రభాతం, స్తోత్రం, ప్రపత్తి, మంగళాశాసనం. ఒక చవక ప్లేయర్‌లో వేస్తే మంగళాశాసనం ముందు మొదలై సుప్రభాతం చివర్లో వచ్చింది. దేవుణ్ని ముందు దీవించి ఆఖర్న నిద్రలేపడం! కారణం చిన్నదే. ఆ తరహా ప్లేయర్లు పేర్ల అకారాది క్రమం చూడవు, ఏ ఫైలు ముందు కాపీ అయితే దాన్నే ముందు పాడతాయి. ఒక్కొక్కటే వరసగా కాపీ చేస్తే సరిపోయింది.

ప్రకటనల్లో పెద్దగా రాయని చిన్న సంగతులు

ఆపిన చోటు గుర్తుపెట్టుకోవడం వాటిలో మొదటిది. గంటన్నర ప్రవచనంలో నలభయ్యో నిమిషం దగ్గర ఆపి, మర్నాడు మళ్లీ మొదటి నుంచి వినాల్సి వస్తే ఎవరికైనా విసుగే. శాన్‌డిస్క్ క్లిప్‌లలో ఆడియోబుక్స్ అనే ఫోల్డర్లో వేసినవాటికి ఈ సదుపాయం ఉంది, మామూలు పాటల ఫోల్డర్లో వేస్తే పనిచేయదు. చాలామందికి ఇది తెలియక ప్లేయర్ని తిట్టుకుంటారు.

కచేరీలు వినేవాళ్లకి పాటకీ పాటకీ మధ్య గ్యాప్ రాకపోవడం ముఖ్యం. రాగం, తానం, పల్లవి మూడు ట్రాకులుగా ఉంటే మధ్యలో అరసెకను మౌనం పంటి కింద రాయిలా తగులుతుంది. సినిమా పాటలు వినేవాళ్లకి అది తెలియనే తెలియదు.

బటన్లా, టచ్చా అన్నది వయసుని బట్టి కాదు, చూపుని బట్టి. నడుస్తూ, కళ్లజోడు తీసేసి, జేబులోనే వేలితో తడిమి పాట మార్చగలగడం బటన్లతోనే కుదురుతుంది. ఎఫ్ఎం కావాలనుకుంటే అది ఖరీదైన ప్లేయర్లలోనే తరచుగా ఉండదు, వింతగా చవకవాటిలో ఉంటుంది. వైరు ఇయర్‌ఫోన్స్ లేకపోతే ఎఫ్ఎం సరిగా రాదు కూడా, ఆ వైరే యాంటెనా.

ఐరోపాలో ఉన్న పిల్లలు తెచ్చిచ్చిన ప్లేయర్ శబ్దం తక్కువగా వస్తే అది పాడైందని కాదు. అక్కడ అమ్మే వాటికి వాల్యూమ్ మీద కట్టడి ఉంది, 85 డెసిబెల్స్ దాటితే హెచ్చరించాలని నియమం.

పాత ఫోన్, పాత ఐపాడ్

పాత ఫోన్ వాదన బలమైనదే. ఖర్చు లేదు, తెలుగు వస్తుంది, సిమ్ తీసేసి ఏరోప్లేన్ మోడ్‌లో పెడితే నోటిఫికేషన్ల గోల లేదు. ఎదురు వాదన: బ్యాటరీ అప్పటికే ముసలిది, బరువు, టచ్ తెర, పైగా 2016లో యాపిల్ తీసేశాక చాలా ఫోన్లలో ఇయర్‌ఫోన్ రంధ్రమే పోయింది. అలాంటి ఫోన్లకి డాంగిల్ (ఇయర్‌ఫోన్ వైరుని ఛార్జింగ్ రంధ్రానికి కలిపే చిన్న ముక్క) తగిలించి వినొచ్చు, జేబులో అది వంగి విరిగేదాకా.

ఐపాడ్ క్లాసిక్ కథ వేరు. లోపలి హార్డ్ డిస్కు తీసేసి అడాప్టర్‌తో మెమరీ కార్డులు బిగించి, కొత్త బ్యాటరీ వేసి వాడేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. రాక్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2001 నుంచి ఇలాంటి పాత ప్లేయర్లకి కొత్త ప్రాణం పోస్తోంది, ఫోల్డర్లు, ఫ్లాక్, ఆపిన చోటు గుర్తు అన్నీ ఇస్తుంది. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం సరదా అయినవాళ్లకి ఇది భలే పని. లేనివాళ్లకి యాపిల్ వాళ్ల ఐట్యూన్స్ లాంటి సాఫ్ట్‌వేర్‌తోనే పాటలు ఎక్కించాల్సి రావడం దగ్గరే ఓపిక అయిపోతుంది.

ఆండ్రాయిడ్ ప్లేయర్లకీ ముసలితనం వస్తుంది, అది బ్యాటరీతో కాక సాఫ్ట్‌వేర్‌తో. కొన్నేళ్లకి స్ట్రీమింగ్ యాప్‌లు పాత ఆండ్రాయిడ్‌ని వదిలేస్తాయి. అప్పుడు కార్డులోని పాటలు మాత్రం పాడుతూనే ఉంటుంది. నాన్న పాత డబ్బా తొమ్మిదేళ్లు బతికిందంటే, దానికి అప్‌డేట్ అన్న మాటే తెలియకపోవడం కూడా ఒక కారణం.

చివరికి మా ఇంట్లో

నాన్నకి కావలసినవి రాసుకుంటే నాలుగు లైన్లు వచ్చాయి: బటన్లు, జేబుకి క్లిప్పు, ఆపిన చోటు గుర్తు, ఎఫ్ఎం. తెలుగు పేర్లు అక్కర్లేదన్నారు, "పాట మొదలవ్వగానే తెలుస్తుంది కదరా ఏదో." బటన్లున్న సాదా ప్లేయరే తీసుకున్నాం, 32 జీబీ కార్డు పాతదే. మా చెల్లి బెంగళూరులో ఉంటుంది, తనది మొత్తం అద్దె పాటల సంసారం, తనకి ఫోనే సరిపోయింది. నేను మాత్రం ఫ్లాక్ కచేరీల కోసం అని ఒక టచ్ ప్లేయర్ కార్ట్‌లో పెట్టి మూడు నెలలైంది. కొనలేదు, తీసేయనూ లేదు.

కొత్త ప్లేయర్ వచ్చిన రెండో రోజు నాన్న వాకింగ్ నుంచి వచ్చి, ఒకే పాట రెండుసార్లు వస్తోందని ఫిర్యాదు చేశారు. చూస్తే కార్డులో అది పదకొండు చోట్ల ఉంది.